మొరం బాట పంతులు

మా ఊరి మిషన్ బడి పంతులుకు సైకిలంటే ప్రాణం. కానీ రామన్నపేట సడక్ మీద తొక్కేవాడు కాదు. అది దొర ఉండే గడి ముందు నుంచి పోతుంది. అక్కడ ఆయన కులపోళ్లు సైకిలు దిగి, చెప్పులు చేతబట్టుకుని నడవాలి. అందుకని గుట్టల వెనక గతుకుల మొరం బాటన, సీతాఫలం పొదల మధ్య చుట్టు తిరిగి పోయేవాడు.

"గీ బాటల బండ్లు రావు, మనుషులు రారు. హాయిగుంటది" అని నవ్వేవాడు.

ఒక వానాకాలం పొద్దున, కలుపు తీస్తున్న మా అమ్మను పాము కరిచింది. పంతులు ఆమెను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని, కండువాతో తన నడుముకు కట్టుకున్నాడు. దవాఖానకు దగ్గరి దారని సడక్ ఎక్కాడు. గడి ముందు జవాను "దిగురా!" అని అరిచాడట. "నేను దిగ!" అని ఈయన ఇంకా గట్టిగా తొక్కాడట.

అమ్మ బతికింది. ఆమె ఇంటికొచ్చేసరికే పంతులును గడికి పిలిపించి కొట్టారు, సైకిలును గొడ్డలితో నరికారు. సంగతి తెలిసి అమ్మ ఆయన మంచం పక్కన కూలబడి ఏడ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏడ్వకు అక్కా" అన్నాడు వాచిన పెదవులతో. "గా సడక్ మీద సైకిలు ఎంత మెత్తగ పోతదో నాకు గిన్నేండ్లు తెల్వనే లేదు."