గుడి చరిత్రలో మిగిలిపోయిన పేజీ

క్షమించమని గుడిలో ప్రతి ఆదివారం చెబుతారు. నేనూ అందరితోపాటు మోకరించి ఆ మాటలు పలుకుతాను. కానీ ఒక మనిషిని ఏడేళ్లుగా నేను క్షమించలేదు, క్షమించాలని ప్రయత్నించనూ లేదు. పాపసంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునే చోట, ఫాదర్ అడిగితే ప్రయత్నిస్తున్నానని అబద్ధం చెప్పాను. పగలో ఒక సుఖం ఉంటుంది, పంటి కింద ఏలక్కాయలాగా. అది తెలియనివాళ్లు నాకు నీతులు చెప్పనక్కర్లేదు.

మా గుడి మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో ఉంది. ఇప్పటికీ చుట్టుపక్కలవాళ్లు దాన్ని ఆంధ్రోళ్ల గుడి అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. ముప్పై రెండేళ్ల కింద గుండ్లపోచంపల్లి ఫ్యాక్టరీల్లో పనికి కోస్తా నుంచి కొన్ని క్యాథలిక్ కుటుంబాలు వచ్చాయి. దగ్గర్లో గుడి లేదు. పట్నం గుడికి పోతే అక్కడ పూజ ఇంగ్లీషులో. వాళ్లకు తమ పాటలు కావాలి, తమ రాగాలు కావాలి, తమ ఊరి మరియమాత పండుగ తమ పద్ధతిలో జరగాలి. పరాయిచోట బతికేవాళ్లకు దేవుడు సొంత యాసలో మాట్లాడితేనే దేవుడనిపిస్తాడేమో. ఆ సంగతి నేను తప్పుపట్టను.

వాళ్లకు చోటిచ్చింది మా అమ్మ. మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్, మేం తాతల నాటి నుంచి ఇక్కడి క్రైస్తవులం. మేడ్చల్ స్టేషన్ వెనక మాది రెండు గదుల ఇల్లు. ఆరేళ్లపాటు మా ముందు గదే వాళ్ల గుడి. నెలకోసారి ఫాదర్ పట్నం నుంచి బస్సులో వచ్చేవాడు. శనివారం అమ్మ మంచం బయట వేసి, గది అలికి, తన పెళ్లినాటి సందూక మీద తెల్లదుప్పటి పరిచి పీఠం చేసేది. పూజ అయ్యాక అందరికీ చాయ్. వాళ్లు ఊరి నుంచి తెచ్చుకున్న మరియమాత స్వరూపం మా బియ్యం గోలెం పక్కనే ఉండేది. ఆ శనివారం రాత్రులు నేనూ మా నాయినా వానాకాలంలో కూడా అరుగు మీదే పడుకున్నాం.

వాళ్లకు పిల్లలు పుట్టారు. జ్ఞానస్నానం ఇవ్వాలంటే జ్ఞానతల్లి కావాలి. బిడ్డకు తెల్లగౌను తొడిగి, కొవ్వొత్తి పట్టుకొని, ఈ బిడ్డ విశ్వాసానికి నేను పూచీ అని దేవుడి ముందు చెప్పాలి. చుట్టాలు అంత దూరం నుంచి రాలేరు. ఇక్కడి ఆడవాళ్లు ఏడాదికో అద్దె ఇల్లు మారుతున్నారు. ఫాదర్ పట్టుబట్టి, బిడ్డను కనిపెట్టుకొని ఉండాలంటే కదలకుండా ఉండే మనిషి కావాలన్నాడు. కదలకుండా ఉండేది మా అమ్మ ఒక్కతే. అలా ఆ ఆరేళ్లలో పదకొండు మంది పిల్లలకు మా అమ్మే జ్ఞానతల్లి. పదకొండు గౌన్లూ చేత్తో కుట్టింది.

ఆ పదకొండు మందిలో మొదటి బిడ్డ మన పెద్దమనిషి కూతురు. పెద్దమనిషి అంటే ఇప్పటి మా గుడి కమిటీ పెద్ద, నేను క్షమించలేదన్న మనిషి. అప్పట్లో షిఫ్టు ముగించుకొని మా ఇంట్లోనే జొన్నరొట్టె తినేవాడు. తర్వాత కాంట్రాక్టులు పట్టాడు, ప్లాట్లు అమ్మాడు, కండ్లకోయ దగ్గర విల్లా కట్టాడు. గుడికి స్థలం చూసింది, గుడి కట్టించడంలో ముందు నిలబడింది అతనే. అది కాదనను. కానీ గుడి లేచాక మేం కంటికి ఆనలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న. మేం ఏ వాడవాళ్లమో అతనికి మా రొట్టె తిన్నప్పుడూ తెలుసు. విల్లా కట్టాకే అది గుర్తుకొచ్చింది.

కొత్త గుడిలో ఒక ఆదివారం నేను బైబిల్లోంచి మొదటి పఠనం చదవడానికి లేచాను. అతను నా చేతిలో పుస్తకం తీసుకొని, "స్పష్టంగా పలికేవాళ్లు చదవాలమ్మా, దేవుడి వాక్యం కదా," అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు. కానీ ఆడవాళ్ల వైపు మూడు వరుసల దాకా వినపడింది. ఆ కసితోనే నేను తెలుగు పండిట్ ట్రైనింగ్ చేశాను. ఇప్పుడు ఇరవై ఏళ్లుగా తెలుగు టీచర్‌ని.

అదైనా మింగాను. మింగలేనిది ఏడేళ్ల కింద జరిగింది. అతని కూతురి పెళ్లి. మా దాంట్లో జ్ఞానబిడ్డ పెళ్లంటే జ్ఞానతల్లి కన్నతల్లి పక్కన నిలబడాలి, నుదుటి మీద సిలువ గుర్తు వేసి దీవించాలి. అమ్మ నన్ను తీసుకొని సుచిత్ర సెంటర్‌కు పోయి, నాలుగు షాపులు తిరిగి చీర కొన్నది. పెళ్లిపత్రిక కోసం కాచుకుంది. రాలేదు.

"అడ్రసు దొర్కకపాయె కావచ్చు బిడ్డా," అంది.

"ఆరేండ్లు మనింట్ల పూజ చూసిండే అమ్మా. అడ్రసు దొర్కదా?"

"పెండ్లి పరేషాన్ల మర్చిపోయిండు తియ్యి."

పెళ్లికి పోయివచ్చినవాళ్లు చెప్పారు. జ్ఞానతల్లి స్థానంలో అతని చెల్లెలు నిలబడిందట. కూతురికి చిన్నప్పటి నుంచీ మేనత్తే జ్ఞానతల్లి అని చెప్పి పెంచాడట. కన్నతల్లి ముందే పోయింది, తెలిసిన పాతవాళ్లు అతనికి ఎదురు చెప్పరు. అమ్మ ఆ మాట విని చాట ముందుకు లాక్కొని బియ్యం ఏరడం మొదలుపెట్టింది. రాళ్లు లేని బియ్యం. నేను ఆ చాట చూస్తూ, అతన్ని క్షమించనని ఒట్టు పెట్టుకున్నాను.

నిరుడు గుడికి పాతికేళ్లు నిండుతాయని రజతోత్సవం తలపెట్టారు. గుడి చరిత్ర మీద పుస్తకం వేస్తామన్నారు, రాసింది పెద్దమనిషే. అప్పుడు జరిగింది నేను కలలో కూడా అనుకోనిది. కాగితాల కట్ట పట్టుకొని అతనే మా ఇంటికొచ్చాడు. పాతికేళ్ల తర్వాత మా గడప తొక్కడం అదే.

"మీరు టీచరు కదా మేడమ్ గారూ. అక్షరదోషాలు చూసిపెట్టండి. విషయం జోలికి వెళ్లొద్దు, అదంతా నేను చూసుకున్నాను," అన్నాడు.

అమ్మ లోపలి నుంచి చాయ్ తెచ్చింది. "బాగున్నవా అయ్యా? బిడ్డ బాగున్నదా?" అని అడిగింది. అతను బాగున్నాం అన్నాడు, గ్లాసు ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం చదివాను. మొదటి పూజ తన అద్దె ఇంట్లో జరిగిందని రాసుకున్నాడు. ఆరేళ్లూ పూజలు అక్కడే జరిగాయట. మా ఇల్లు లేదు, మా నాయిన లేడు. అమ్మ గురించి ఒక్క ముక్క ఉంది. స్థానిక మహిళలు కొందరు ఊడ్చి సహకరించారని. ఎర్రపెన్ను మూత తీశాను. ఆ వాక్యం కొట్టేసి ఉన్నది ఉన్నట్టు రాయాలనిపించింది. అతని ఇంటికి పోయి కాగితాలు మొహాన కొట్టాలనీ అనిపించింది.

చివరి పేజీల్లో ఒక ఫొటో కనిపించింది. పాత రిజిస్టర్ మొదటి పేజీ. మా ఇంట్లో పూజలు చేసిన ఫాదర్ ఆ జ్ఞానస్నానాలను ఒక పుస్తకంలో తన చేత్తో రాసి, గుడి కట్టాక ఆఫీసుకు అప్పగించాడు. పెద్దమనిషి దాన్ని ఫోన్లో ఫొటో తీసి, అగ్గిపెట్టంత బొమ్మగా పెట్టి, కింద "మన గుడిలో తొలి జ్ఞానస్నానం" అని రాశాడు. మొదటి వరుసలో తన కూతురి పేరుంది కదా, ఆ మురిపెం. పక్క గడులు చదవలేదు. ఫాదర్ వాలుగా, చిన్నగా రాసిన ఇంగ్లీషు. కూతురి పేరు దాకా చదివి సంబరపడి ఆగిపోయాడు.

నేను భూతద్దం పెట్టి చదివాను. జ్ఞానతల్లి అన్న గడిలో మా అమ్మ పేరు. స్థలం అన్న గడిలో, మా నాయిన పేరు రాసి, అతని గృహమున అని. మొదటి వరుస నుంచి పదకొండో వరుస దాకా అవే రెండు. ఎర్రపెన్ను మూత పెట్టేశాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఒత్తులు, దీర్ఘాలు ఎంత శ్రద్ధగా దిద్దానో చెప్పలేను. స్థానిక మహిళలు ఊడ్చిన వాక్యంలో ఒక కామా కూడా సరిచేశాను. ప్రింటర్ దగ్గరికి కూడా మీరే వెళ్లండి, నాకు తీరిక లేదన్నాడు పెద్దమనిషి. సంతోషంగా వెళ్లాను. సుచిత్రలో ప్రెస్సు అతను పేజీలు లెక్కచూసి తల గోక్కున్నాడు.

"ఒక పేజీ ఖాళీ మిగులుతాంది మేడం. పూల బొమ్మ ఏస్కుందామా?"

"పూలెందుకన్నా? గీ రిజిస్టర్ ఫొటోనే పెద్దగ జేసి ఫుల్ పేజీ ఎయ్యి. చిన్నగుంటే ఎవ్వరికి కనవడదు."

"సార్‌ను అడగాల్నా?"

"సార్ పెట్టిన ఫొటోనే కదా. కొత్తది నేనేం ఇయ్యలే."

మొదటి పూజ తన ఇంట్లో జరిగిందని అతను రాసుకున్న పేజీకి ఎదురుగా ఆ ఫొటో వచ్చేలా చూశాను. నునుపు కాగితం వేయించాను. అతను రాసిన దాంట్లో ఒక్క మాట మార్చలేదు. నా వృత్తి మీద నాకు గౌరవం ఉంది.

ఉత్సవం నాడు బిషప్ గారు వచ్చారు. స్థాపక కుటుంబాలకు శాలువాలు కప్పే కార్యక్రమం. ముందు వరుస కుర్చీలకు పేర్లు అంటించారు. మా పేరు లేదు. అమ్మ మోకాళ్ల నొప్పితో వెనక తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఆమెకు నేనేం చెప్పలేదు. చెబితే ఆపేది.

పుస్తకం రిబ్బను విప్పి బిషప్ గారు మైకు ముందే పేజీలు తిప్పారు. జీవితమంతా రిజిస్టర్లు చూసిన మనిషి, చెయ్యి అక్కడే ఆగింది. కళ్లద్దాలు సర్దుకొని పైకే చదివారు. మొదటి వరుస చదివారు, రెండోది చదివారు, మూడో వరుసకు నవ్వారు. "పదకొండు మందికీ ఒకే జ్ఞానతల్లి. అన్నీ ఒకే ఇంట్లో. ఈ తల్లి ఉన్నారా?"

పెద్దమనిషి తన చేతిలోని పుస్తకం తెరిచాడు. ఎదురెదురు పేజీలు రెండూ అతనికి ఒకేసారి కనిపించి ఉండాలి. మెడ దగ్గర చెమట పట్టడం నేను రెండు వరుసల వెనక నుంచి చూశాను. ఎంతో బాగా అనిపించింది. ఈ మాట గుడి గురించి రాస్తూ రాయకూడదు, కానీ అనిపించింది.

జనం ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. నేను అమ్మ దగ్గరికి పోయి చెయ్యి పట్టుకున్నాను.

"నేనేం తప్పు జేసిన్నే?" అంది అమ్మ, భయంగా.

ఆ ఒక్క క్షణం నా సుఖమంతా విరిగిపోయింది. ఇన్నేళ్లు ఆ గుడిలో కూర్చున్న మనిషి, తన పేరు పిలిస్తే తప్పు చేశాననుకుంది. అలా చేసింది ఎవరో నాకు తెలుసు. పగ మళ్లీ రెట్టింపై వచ్చింది.

"ఏం తప్పు జెయ్యలే. నడువు."

పీఠం ముందు దాకా మెల్లగా నడిపించాను. బిషప్ గారు శాలువా పెద్దమనిషి చేతికే ఇచ్చారు, మీరే కప్పండి అని. అతను కప్పాడు. అమ్మ అతని చెయ్యి తడిమి, "సల్లగుండు అయ్యా," అంది. నేనైతే అనేదాన్ని కాదు.

తర్వాత బిషప్ గారు, ఆ పదకొండు మందిలో ఎవరైనా ఇక్కడుంటే రమ్మన్నారు. ముందు వరుస నుంచి ఒక ఆడమనిషి లేచింది, చంకలో చిన్నపిల్ల. రిజిస్టర్ మొదటి వరుసలో పేరున్న అమ్మాయి, పెద్దమనిషి కూతురు. చేతిలో ఆ పేజీ తెరిచే ఉంది. తండ్రి ఏదో చెప్పబోయి చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యిని దాటుకొని వచ్చి అమ్మ ముందు మోకరించింది.

అమ్మకు చూపు సరిగా ఆనదు. ఆమె గడ్డం పట్టుకొని, మొహం పైకెత్తి, మా ఊళ్లో ఎవరినైనా అడిగినట్టే అడిగింది.

"ఎవ్వరి బిడ్డవే నువ్వు?"

మైకు ఎవరూ ఆపలేదు. ఆ అమ్మాయి తండ్రి పేరు చెప్పలేదు.

"మీ బిడ్డనేనమ్మా," అంది.

అతను విన్నాడో లేదోనని నేను తలతిప్పి చూశాను. విన్నాడు.