మా అమ్మాయికి వచ్చింది కామెర్లు కాదు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. పోర్టులో డ్యూటీ దిగి మల్కాపురంలో మా ఇంటికి వస్తుంటే, పొద్దున కాలేజీకని వెళ్లిన పిల్ల ఇంకా బస్టాపులోనే కూర్చుని ఉంది.

"ఏటమ్మా, కాలేజీ లేదేటి?"

"బస్సులొచ్చాయి నాన్నా. ఎక్కబుద్ధి కాలేదు."

బద్ధకమని తిట్టాను.

తర్వాత తిండి తగ్గింది. తల దువ్వుకోవడం మానేసింది. వాళ్ల లెక్చరరమ్మ నన్ను పిలిపించి, "క్లాసులో ఊరికే ఏడుస్తోందండీ. సైకియాట్రిస్ట్‌కి చూపించండి" అన్నారు.

"మా పిల్లకి పిచ్చేటి మేడమ్?" అని, అక్కడే కామెర్లని లీవ్ లెటర్ రాసిచ్చాను. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరేమంటారోనని నా భయం.

ఆ అబద్ధం ఇంట్లోనూ నడిపాను. చూడవచ్చినవాళ్లకి అనుమానం రాకుండా ఉప్పు లేని మజ్జిగన్నం పథ్యం పెట్టించాను. మా బావమరిది వచ్చి, "ఏటి బావా, కళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగున్నాయి! కామెర్లు దానికా, నీకా?" అన్నాడు. అందరం నవ్వాం. అమ్మాయి కంచం వంక చూస్తూ కూర్చుంది.

"నన్ను నిజంగా ఏ డాక్టర్‌కైనా సూపించవా నాన్నా?" అని ఒకసారి అడిగింది.

"నోర్మూసుకుని తిను" అన్నాను.

రెండు నెలలకి ఒక ఉదయం లేపితే లేవలేదు. మింగకూడనిదేదో మింగిందని మాకు అర్థమైంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ "ఇదివరకు ఏమైనా జబ్బుందా?" అంటే, నా భార్య అలవాటుగా "కామెర్లండి" అంది. పక్కనే ఉండి నేను నోరు విప్పలేదు. లివర్‌కి ఎల్‌ఎఫ్‌టీ అని రక్తపరీక్షన్నారు, స్కానింగ్ అన్నారు. చివరికి రిపోర్టు పట్టుకుని ఆయన బయటికొచ్చారు.

"లివర్ నార్మల్. ఇంతసేపూ వేరే దారిలో వెతికాం. అసలు సంగతేంటి?"

అప్పుడు చెప్పాను, ఏదో మింగిందనీ, కామెర్లు నేను అల్లిన అబద్ధమనీ.

ఐదు రోజులు ఐసీయూలో ఉండి బతికింది. సైకియాట్రిస్ట్ డిప్రెషన్ అన్నారు. "లెక్చరర్ చెప్పినప్పుడే తెచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అన్నారు. మందులతో కాస్త తేరుకుంది. బాగానే ఉంది గదా అని నాలుగు నెలలకి నేనే ఆపించాను. మళ్లీ మొదటికొచ్చింది.

ఇప్పటికి ఆరేళ్లు. మందులు, కౌన్సెలింగ్ నడుస్తున్నాయి. డిగ్రీ ఆగిపోయింది. కొన్ని వారాలు మంచం దిగదు. నాతో అవసరమైనంతే మాట్లాడుతుంది. మా ఇంట్లో ఎవరూ మజ్జిగన్నం కలపరు. ఇదంతా రాయనా అని అడిగితే, "రాయి. కామెర్లని మాత్రం రాయకు" అంది.

ఆడపిల్లని కాలేజీకి పంపే తల్లిదండ్రులకి ఒక్క మాట. లెక్చరర్ పిలిచి చెప్పిన వారంలోనే పిల్లని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన ఏ పేరు చెబితే, లీవ్ లెటర్‌లో ఆ పేరే రాయండి.