వంటింట్లో బెల్లు

గజపతినగరంలో మేం అద్దెకున్న ఇంటావిడను పిన్నీ అనేదాన్ని. బాబాయి పక్షవాతంతో మంచం పట్టాక, ఆమె ఫోన్లో కనిపించిన చైనా వస్తువల్లా తెప్పించేది. ప్రతి పార్సిలూ విప్పుతూ, "సూద్దాం, పన్జేస్తే పన్జేస్తాది," అనేది, ఆశ ఏమాత్రం లేని గొంతుతో.

చెయ్యి వణికినా ఒలకదన్న చెంచాలోంచి గంజి బాబాయి బనీను మీద పడింది. మెడకు తగిలించే ఫ్యాను రొదకు ఆయనకి తలనొప్పి వచ్చింది. పడుకోబెట్టే తలంటొచ్చన్న గాలి ఊదే రబ్బరు తొట్టి పరుపంతా తడిపింది. అన్నీ అటకెక్కాయి.

పనిచేసింది వైర్లెస్ కాలింగ్ బెల్లొక్కటే. మాట పడిపోయిన బాబాయి మంచం మీద బొత్తాం నొక్కితే వంటింట్లో మోగేది. ఆయన పొద్దంతా నొక్కుతూనే ఉండేవాడు. పిన్ని పొయ్యి తగ్గించి వెళ్లి, "ఏటి కావాల?" అనేది. ఏమీ వద్దన్నట్టు తలూపి, ఆమె ముఖంలోకి చూసేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె మొదటి ముద్ద ఎత్తేసరికి బెల్లు మోగింది. వెళ్లొచ్చి కూర్చోగానే మళ్లీ మోగింది. పిన్ని లేచి బెల్లులోని బ్యాటరీలు ఊడదీసింది.

"అదేంటి పిన్నీ? బాబాయికి అవసరమొస్తే?" అన్నాను.

"ఏ అవసరమూ నేదే. నానెక్కడున్నానో సూసుకుంతన్నాడు."

కంచం పట్టుకెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. "ఇక్కడే తింతాను. ఇంక నొక్కకు," అంది.

ఆయన బొత్తాం వదిలేసి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆ బరువుతోనే ఆమె అన్నం తింది.