కారుకు కావేరి నీళ్లు

ఆ కారును ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దాన్ని బాగుచేసింది నేనే. అయినా మండుతుంది.

కన్నడ సీమలోని పావగడ బజారులో నాకు లారీలు రిపేరు చేసే షెడ్డు ఉండేది. కరువు మీద కరువు వచ్చిన ఏళ్లవి. వాన పడితే శనక్కాయలు, పడకపోతే బెంగళూరు కూలి, అంతే మా తాలూకా బతుకు. నా షెడ్డుకు ఎదురుగా కాయలు ఒలిచే మిల్లు. ఆ మిల్లు సావుకారు ఒకరోజు నన్ను పిలిచి, గోదాములో గోనెసంచులు పక్కకు లాగించి, వాటి కింద ఉన్నదాన్ని చూపించాడు. అంత పొడవు కారును నేను అంతకుముందు చూడలేదు.

ఇంగ్లండులో తయారై ఓడలో వచ్చిందట. మొదట ఎవరో సంస్థానం వాళ్లది. వాళ్లు చితికిపోయాక ఒక కాంట్రాక్టరు కొన్నాడు. ఆయన దగ్గర నుంచి సావుకారు తండ్రి చేతికి వచ్చింది. ఆ పెద్దాయన దాంట్లో ఎలక్షన్లకు తిరిగాడు, పెళ్లికొడుకులను ఊరేగించాడు, చివరికి వెనక సీటు పీకించి విత్తనం కాయల మూటలేసుకుని నిడుగల్లు కొండ దాకా తోలాడు. ఆగిపోయిన రోజు పదిమందితో తోయించి గోదాములో పెట్టించాడు. నేను పానా పట్టడం నేర్చుకోకముందు నుంచీ అది అక్కడే ఉంది.

"లేపగలవేమప్పా?" అన్నాడు సావుకారు.

"సూస్తా సామీ," అన్నాను. లోపల మాత్రం అప్పుడే గంతులు వేస్తున్నాను. లారీల మట్టిలో బతికేవాడికి అలాంటి బండి జన్మకొకసారి దొరుకుతుంది.

రెండేళ్లు పట్టింది. పిస్టన్లు బిగుసుకుపోయి ఉంటే ప్లగ్గుల రంధ్రాల్లో కిరసనాయిలు పోసి వారాల తరబడి నానబెట్టాను. బాడీ లోపలి కొయ్యను చెదలు తినేసింది. బండ్లు చేసే వడ్రంగి ఆచారిని పిలిస్తే, ఆయన టేకుతో మళ్లీ అమర్చి, మేకు వేయనంటే వేయనన్నాడు. సీట్ల తోలు చెప్పులు కుట్టేవాళ్లు కుట్టారు. గాస్కెట్లు నేనే రాగిరేకు కోసి చేసుకున్నాను. నల్లరంగు ఒక పూత ఆరాక ఇంకో పూత వేస్తూ, మొహం కనిపించేదాకా రుద్దాను. ఇంజను మొదటిసారి పలికిన రోజు నాకు అన్నం సయించలేదు, అంత సంతోషం.

రేడియేటరు విప్పినప్పుడు లోపల తెల్లగా గట్టిగా సున్నం. అది నాకు కొత్త కాదు. మా బోరు నీళ్లు పోసిన ప్రతి లారీదీ అదే గతి. చింతపండు పులుసు పోసి, ఇంజను తిప్పి, వంపేస్తే కొంత ఊడుతుంది. బయటి డ్రైవర్లయితే మా తాలూకాలోకి వచ్చేటప్పుడు నీళ్ల క్యాన్లు వెంట తెచ్చుకునేవాళ్లు. "ఈడి నీళ్లు పొయ్యొద్దప్పా, ఇంజను పాడైపోతాది," అని నేనే ఎంతమందికో చెప్పాను. ఈ కారు గొట్టాలు మరీ సన్నం, అతుకులు పాతవి, పులుసుకు కూడా తట్టుకోవు. పాడైతే అలాంటిది ఇంకొకటి దొరకదు. అందుకని సావుకారుతో వాన నీళ్లు గానీ బెంగళూరు నీళ్లు గానీ తప్ప పోయకూడదని చెప్పాను.

వాన ఎక్కడిది? ఒలిచిన శనక్కాయ పప్పు బస్తాలతో బెంగళూరు వెళ్లే మిల్లు లారీ, తిరిగి వచ్చేటప్పుడు ప్రతివారం రెండు డ్రమ్ములు కావేరి నీళ్లు తేవడం మొదలుపెట్టింది. రేడియేటరుకు పోయగా మిగిలిన వాటితో కారు కడిగేవాణ్ని. బోరు నీళ్లతో కడిగితే నల్లరంగు మీద తెల్లమచ్చలు పడతాయి. మంచినీళ్లు మట్టిలోకి పోతుంటే నేను మడ్‌గార్డు మెరుపు చూసి మురిసిపోయేవాణ్ని. అది తలచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

అప్పటికి నా కూతురికి నాలుగేళ్లు. మోకాళ్లు లోపలికి తిరిగిపోతున్నాయి. కూర్చుంటే గోడ పట్టుకోనిదే లేవలేదు. దిష్టి తీయించాం, నూనెతో తోమాం. చివరికి ఆసుపత్రికి ఎత్తుకుపోతే, డాక్టరు పిల్ల కాళ్లు, నా పళ్ల మీది గోధుమరంగు చారలు చూసి, కన్నడంలో ఒకటే మాట చెప్పాడు. ఈ బోరు నీళ్లు పిల్లకు ఇవ్వద్దన్నాడు. రేడియేటరులో పేరుకునే సున్నం వేరు, ఎముకలో చేరే ఫ్లోరైడు వేరని తరవాత తెలిసింది. వేరైతే ఏమిటి? రెండూ ఆ బోరులోవే.

ఇంటికి వచ్చాక నా భార్య అడిగింది: "మిల్లులో ఆ డ్రమ్ములు యాడివి?"

"బెంగళూరువి. కావేరి నీళ్లు."

"ఎవురికి?"

"కారుకి."

"ఇంజనుకి పొయ్యొద్దని ఊరందరికీ చెప్తావే, ఇంట్లో ఒక్కనాడన్నా చెప్పినావా?" అంది.

మర్నాడే సావుకారును రోజుకొక బిందె కావేరి నీళ్లు అడిగాను. ఆయన కసురుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది. భుజం మీద చెయ్యేసి నెమ్మదిగా చెప్పాడు: "ఇంజనంటే సున్నితంప్పా. మనిషికి అలవాటైపోతాది. నేను తాగడంల్యా? నాకేమైంది?" గుమాస్తా వెనకనుంచి పిలిస్తే ఆయన మనిషి మొత్తం తిరిగి చూశాడు, మెడ ఒక్కటే తిప్పలేడు కాబట్టి. నమ్మే చెప్పాడు ఆ మాట. అందుకే నాకు మరీ కోపం వచ్చింది.

ఆ వారం నుంచి కావేరి నీళ్లు సావుకారుకు తెలియకుండా బిందెలతో నా ఇంటికి పోయాయి. కారులో బోరు నీళ్లు పోశాను. మచ్చలు పడకముందే మెత్తటి గుడ్డతో తుడిచేసేవాణ్ని. మొదటిసారి రేడియేటరు మూత తీసి, మళ్లీ బిగించి, మళ్లీ తీసి పోశాను. రెండేళ్ల నా పనిని నా చేతితోనే చంపుతున్నానని తెలుసు. పిల్ల గ్లాసు ఎత్తి తాగడం చూశాక రెండోసారి ఆగకుండా పోశాను.

మరుసటి ఆయుధపూజకు కారుకు బంతిపూల దండలు కట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, గుమ్మడికాయ పగలగొట్టారు. సావుకారు బంధువులను ఎక్కించుకుని నిడుగల్లు బయలుదేరాడు. తోలింది నేనే. ఎండిన చేల మధ్య ఎత్తు ఎక్కుతుండగా మూత దగ్గర బుస్సుమని ఆవిరి లేచింది, కింద నీళ్లు కారిపోయాయి. రేడియేటరు పగిలింది. పగిలినచోట తెల్లటి సున్నం కనబడుతోంది.

"ఏం నీళ్లు పోసినావప్పా?" అన్నాడు సావుకారు.

"మనం తాగే నీళ్లే సామీ."

"మరి కావేరివి?"

"నా బిడ్డ తాగింది."

ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "బండిని సంపేసినావు కదప్పా," అన్నాడు. దిగినవాళ్లంతా అయ్యో అన్నారు, అంత మంచి బండి అన్నారు. ఆ నీళ్లు రాగి గొట్టాలనే ఇలా చేస్తే మనల్ని ఏం చేస్తాయని ఒక్కరికీ తోచలేదు. "మీ మెడ సంగతేంది సామీ?" అని అడిగాను. "నా మెడకేమి, వయసైపాయ," అన్నాడు.

మిల్లు లారీలు నా షెడ్డుకు రావడం ఆగిపోయింది. రెండు నెలల్లో షెడ్డు మూసి, బెంగళూరు వెళ్లే వేరే లారీకి డ్రైవరుగా చేరాను. ట్రిప్పుకు రెండు క్యాన్లు నీళ్లు తెచ్చుకునేవాణ్ని. పిల్ల కాళ్లు అంతకన్నా వంగలేదు. పూర్తిగా తిన్నబడనూ లేదు. ఇప్పుడు పెద్దదైంది, ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. కారు బాగుచేసిన ఆ రెండేళ్లలోనే కళ్లు తెరిచి ఉంటే అనుకుంటాను, పళ్లు కొరుక్కుంటాను.

షెడ్డు మూసేలోపే సావుకారు బెంగళూరు నుంచి మేస్త్రీని రప్పించి కొత్త రేడియేటరు కట్టించాడు. డ్రమ్ములు మళ్లీ వచ్చాయి, ఈసారి మూతలకు తాళాలతో. సావుకారు తల్లికి నడుము పూర్తిగా వంగిపోయింది, నేలను చూస్తూ నడిచేది. ఇంట్లో అందరికన్నా ఆమె మీదే నమ్మకమని తాళంచెవి ఆమెకు ఇచ్చాడు. ఆమె గోడ పట్టుకుంటూ వచ్చి, తాళం తీసి, దగ్గరుండి కారుకు నీళ్లు పోయించి, మళ్లీ తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడివేసుకునేది. తరవాత అరుగు మీద కూర్చుని, దాహమవుతోందని, లోపలి నుంచి ఒక చెంబు బోరు నీళ్లు తెప్పించుకుని తాగేది.