ఇంట్లో నుయ్యుండగా

అమ్మకి రాజోలు వైపు నుంచి కొత్తపేట బడికి బదిలీ అయ్యేసరికి నేను మూడో తరగతి. డెబ్భైల మధ్యలో అనుకుంటాను. నాన్న మలికిపురంలో కొబ్బరి కొట్లో గుమాస్తా, ఆదివారాలకి వచ్చేవారు. అందుకని ఇల్లు వెతుక్కోవలసింది అమ్మే.

ఏ ఇంటికి వెళ్ళినా అరుగు మీద కూర్చోబెట్టి, ఎంతో మర్యాదగా కులం అడిగేవారు.

"మీరేవిట్లండీ?"

"పేటవాళ్ళవండి. క్రిస్టియన్లం," అనేది అమ్మ.

వెంటనే వాళ్ళకి ఆ వాటా ఎవరో చుట్టాలకి మాటిచ్చినట్టు గుర్తొచ్చేది. టీచర్నని చెప్పి ఊరుకోవచ్చు కదా అన్నారు నాన్న. "మీ అమ్మ మనింటికొస్తే ఎవరని చెప్పమంటారు?" అంది అమ్మ.

చివరికి ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడ తన పెరటి వాటా ఇవ్వడానికి ఒప్పుకుంది. ఊరంతా ఆవిడని మామ్మగారనేవారు.

"నుయ్యి మాత్రం ముట్టుకోకండి టీచరుగారూ. కావలసిన నీళ్ళు మా పనిమనిషి తోడి పోస్తుంది."

"ఆయ్. ముట్టుకోనండి. పోయించుకోనూ పోయించుకోనండి," అంది అమ్మ.

మర్నాటి నుంచి పొద్దున్నే స్నానం చేసి, బడికి కట్టుకునే గంజి చీర కట్టుకుని, ఇత్తడి బిందె చంకనెత్తుకుని మెయిన్ రోడ్డు మీదుగా కాలవ రేవుకి బయల్దేరేది. చిన్న చెంబుతో వెనక నేను. దారి పొడుగునా ఎక్కాలు చెప్పించేది. రేవులో కొబ్బరి డొక్కల పడవలు, తడి పీచు వాసన, మోకాళ్ళదాకా చల్లటి నీళ్ళు. ఇంటికొచ్చాక గుడ్డతో వడగట్టి పటిక తిప్పేది.

"ఇంట్లో నుయ్యుంది కదండీ టీచరుగారూ?" ఓ రోజు పాలావిడ అడిగింది.

"ఉందండి. మమ్మల్ని తోడుకోనివ్వరండి."

బళ్ళో హాజరు పిలిచే గొంతుతోనే చెప్పింది. తర్వాత పోస్టుమాన్ అడిగేడు, పిల్లల తండ్రులు అడిగేరు. అందరికీ అదే జవాబు, ఒక్క మాట ఎక్కువ లేదు. కొందరు తల దించుకునేవారు. "ఏదో పాత ఆచారంలెండి" అనేవారు కొందరు. అమ్మ బిందె సర్దుకుని నడిచేది.

వానాకాలం మొదలయ్యాక ఒక సాయంత్రం మామ్మగారు మా గుమ్మం దగ్గరికి వచ్చేరు.

"సంతలో కూడా నన్నే అడుగుతున్నారు టీచరుగారూ. తలెత్తుకోలేకుండా ఉన్నాను."

"నేను లేనిదేమైనా చెప్పేనాండీ?"

"లేదు." ఆవిడ నూతి వైపు చూసేరు. "రేపట్నించి మీరే తోడుకోండి."

"పిల్ల కూడానాండీ?"

"పిల్ల కూడా."

మొదటి రోజు మేము బిందె నింపుకుని లోపలికి రాగానే మామ్మగారు నూతి గట్టు కడుగుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ నన్ను కూర్చోబెట్టి జడ వేసింది. కొన్నాళ్ళకి ఆ కడగడం ఆగిపోయింది. మనసు మారిందో, నడుం నొప్పి పుట్టిందో తెలీదు. మా ఇంట్లో ఆవిడ ఏనాడూ కాఫీ తాగలేదు. నాకు గవదబిళ్ళలొచ్చినప్పుడు మాత్రం మిరియాల చారు పట్టుకుని లోపలికే వచ్చి, నా నుదుటి మీద చెయ్యి వేసి చూసేరు.

నుయ్యి దొరికినందుకు అమ్మ సంతోషించింది కానీ, నాకు కాలవ పోయినందుకు బెంగగా ఉండేది. అది కనిపెట్టి ఆదివారం ప్రార్థన అయ్యాక రేవుకి తీసికెళ్ళేది. నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకుని, పడవలు వెళ్ళిపోయేదాకా ఇద్దరం మెట్ల మీద కూర్చునేవాళ్ళం.