తొమ్మిది అంగుళాల జాగా

జడ్చర్ల దగ్గర మందుల కంపెనీ ల్యాబులో నేను పనికి చేరిన రెండో ఏడు, మా సీనియర్ ఒకాయన పుణెకు బదిలీ అయ్యి వెళ్తూ తన పెట్టెడు బొమ్మల సైన్యాన్ని ఇద్దరికి అప్పజెప్పి పోయాడు. ఒకరు నేను, రెండోవాడు ప్రొడక్షన్‌లో పనిచేసే నల్గొండ అతను. వేలెడంత ప్లాస్టిక్ సైనికులు, ఒక్కొక్కరి కాళ్ల కింద రూపాయి బిళ్లంత గుండ్రటి దిమ్మ. బల్ల మీద రెండు సైన్యాలను ఎదురెదురుగా నిలబెట్టి, టేపుతో కొలుస్తూ నడిపించి, పాచికలు వేసి యుద్ధం తేల్చుకోవాలి. ఆట మా ఇద్దరికీ నేర్పింది ఆయనే. "కలిసి ఆడుకోండ్రి. పెట్టెను మాత్రం రెండు జేయకుండ్రి" అని చెప్పి రైలెక్కాడు.

మా ఇద్దరికీ అప్పటికే పడదు. అతని విభాగంలో తయారైన మందు బ్యాచ్ ఒకదాన్ని నేను పరీక్షలో ఫెయిల్ చేశాను. మొదట్లో అతన్ని 'అన్నా' అని పిలిచేదాన్ని. ఆ తర్వాత 'సార్' అనడం మొదలుపెట్టాను. అతను నన్ను 'మేడం' అనేవాడు, ఆ మాటను సాగదీసి మరీ.

అయినా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా కాలనీలోని ఖాళీ ట్యూషన్ గదిలో ఆడేవాళ్లం. ఇంకెవరికీ ఆ ఆట రాదు.

మా కొట్లాటంతా ఆట మొదలయ్యే ముందు పేర్చుకోవడం దగ్గరే. ఎవరి వైపు బల్ల అంచు నుంచి వాళ్లు అడుగు లోపలే సైన్యాన్ని నిలబెట్టాలి. సైన్యంలో కొన్ని జట్లుంటాయి; జట్టులోని ప్రతి సైనికుడికీ రెండంగుళాల లోపు తన జట్టువాడు ఇంకొకడు ఉండాలి. కొలిచేది దిమ్మ అంచు నుంచి దిమ్మ అంచుకు, చేతిలోని బల్లెం మొన నుంచి కాదు. వేగులకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. వాళ్లు ఆ అడుగు హద్దు దాటి ముందుకు పోయి నిలబడొచ్చు, కానీ శత్రువుకు తొమ్మిది అంగుళాల కంటే దగ్గరగా ఉండకూడదు. దాడికి దూకాలంటే రెండు పాచికలు వేసి, పడినన్ని అంగుళాలే దూకాలి. తొమ్మిది పడటం కష్టం. ఏడెనిమిది అయితే చాలాసార్లే పడుతుంది.

అతను దర్జీ టేపును వదులుగా పట్టుకుని కొలిచేవాడు. "అటిటుగ రెండంగులాలే గద మేడం, ఏం కొంపలు మునుగుతయ్" అనేవాడు. నేను స్టీలు స్కేలు తెచ్చాను. మందుల అట్టపెట్టె నుంచి సరిగ్గా రెండంగుళాల ముక్క కత్తిరించి, అతని సైనికుల మధ్య ఒక్కొక్క సందులోనూ పెట్టి చూసేదాన్ని. వెంట్రుకవాసి ఎక్కువున్నా వరుసంతా తీయించి మళ్లీ పెట్టించేదాన్ని. అతని ముఖం మాడిపోవడం చూడటానికే సగం సార్లు అలా చేశానని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆ ఎండాకాలం మా బాపు మహబూబ్‌నగర్ దవాఖానలో ఎడమ కంటికి శుక్లం తీయించుకుని, నా దగ్గర పదిహేను రోజులు ఉన్నాడు. దేవరకొండ గుట్టల్లో పుట్టినప్పటి నుంచీ గొర్లు మేపిన మనిషి. ఒంటరిగా ఇంట్లో వదలలేక ఆదివారం నాతోపాటు తీసుకుపోయాను. నల్లద్దాలు పెట్టుకుని, గోడ పక్కన కుర్చీలో చప్పుడు చేయకుండా కూర్చున్నాడు.

ఆ రోజు బల్ల నడుమ ముగ్గుపిండితో సన్నగా వాగు గీసుకున్నాం. అతను తన ముగ్గురు వేగులను వాగుకు తన వైపు ఒడ్డున నిలబెట్టాడు. నా సైనికుల దాకా నేను కొలిచాను. తొమ్మిదిన్నర. సరే అన్నాను. ఇంతలో ఫోన్ వస్తే బయటికి వెళ్లి మాట్లాడి వచ్చాను. నేను కూర్చోబోతుంటే బాపు అన్నాడు.

"బిడ్డా, నువ్వు బయటికి పోయినంక గా ముగ్గురు జర ముందటికొచ్చిన్రు."

అతను నవ్వాడు. "పెద్దాయనా, కండ్లు కనపడక దవాఖానకొచ్చినవ్. నీకేం కనపడ్డది?"

"ఒక కన్ను మంచిగనే ఉంది సారూ. గొర్రె మందల కెల్లి జరిగినా నాకు ఎరుకైతది. గివి ఎంత?"

నేను వంగి చూశాను. వాగు గీత మూడు చోట్ల చెదిరి ఉంది. మూడు దిమ్మల అంచులకూ ముగ్గుపిండి అంటుకుంది. స్కేలు పెడితే ఏడున్నర.

"చెయ్యి తగిలి ఉంటది" అన్నాడతను.

"మూడింటికి ఒక్క తీరుగనే తగిలిందా సార్?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "గొర్లు కాసేటోల్లను తెచ్చి అంపైర్‌గ కూసోబెడితే ఆట గిట్లనే ఉంటది" అన్నాడు.

"మా బాపును ఇంకొక్క మాటన్నవంటే మంచిగుండదు. నువ్వు దొంగాట ఆడినవ్. రేపు క్యాంటీన్ల అందరికి చెప్త" అన్నాను. అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

అక్కడే పెట్టె బల్ల మీద బోర్లించి సైనికులను పంచుకున్నాం. ఒక్కటి నీకు, ఒక్కటి నాకు. ఏ జట్టూ ఎవరి దగ్గరా పూర్తిగా మిగల్లేదు. ఇద్దరిలో ఎవరూ ఆగలేదు.

ఇంటికి నడిచి వచ్చాం. బాపు గేటు దగ్గర ఆగి, "ఆయిన తప్పు జేసిండు, నిజమే. దొరికిండని నువ్వెందుకు గంత సంబురపడ్డవ్ బిడ్డా?" అని అడిగాడు. నేను గేటు గడియ తీశాను.

అన్నట్టే మర్నాడు క్యాంటీన్‌లో చెప్పాను. ఉన్నదానికి ఇంకొంత కలిపి, మొదటి రోజు నుంచీ ఇంతే చేసేవాడని చెప్పాను. అది నిజమో కాదో నాకు తెలియదు. వారం తిరిగేసరికి అతనికి 'ఏడున్నర' అని పేరు పడింది. నెల తిరక్కముందే నా లాగ్‌బుక్‌లో ఒకచోట సంతకం లేదని పైకి రాసి పంపాడు. సంతకం లేని మాట నిజమే. నాకు మెమో వచ్చింది. ఆ తర్వాత అతని విభాగం నుంచి వచ్చిన ఏ శాంపిల్‌నూ నేను తేలిగ్గా వదల్లేదు. నా ఏ కాగితాన్నీ అతను ఒక్కసారికి తీసుకోలేదు.

పుణె ఆయనకు సంగతి తెలిసి ఫోన్ చేశాడు. "మీ ఇద్దరికి ఇచ్చుడే నా తప్పు" అని, సైనికులను తిరిగి పంపమన్నాడు. వేరువేరుగా పార్సిల్ చేశాం. కొన్ని తక్కువ వచ్చాయట. అతని దగ్గరే ఉంటాయని చెప్పాను. అప్పుడు నా బీరువాలో నాలుగున్నాయి.

రెండేళ్ల తర్వాత అతనికి వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆఖరి రోజు ల్యాబుకు వచ్చి, అందరికీ చేతికి లడ్డూ ఇస్తూ నా బల్ల దాటి పోయాడు. నేను మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. ఇచ్చినా తినేదాన్ని కాదు.