కెప్టెన్ బనియనుకి ఇస్త్రీ

స్టేడియం మెట్ల కింద కిటికీ లేని బట్టల గది ఒకటుంది. ఆమె ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తోంది. అందరికీ ఆమె సబ్బుల పిన్ని. ఆటగాళ్లు విప్పి పడేసిన బట్టలు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, ఎవరి సంచిలో వాళ్లవి సర్దడం ఆమె పని. మోకాళ్ల దగ్గర పచ్చిక మరక కనిపిస్తే ఆమెకి ఎక్కడలేని కోపం వస్తుంది. ఆ కోపమంతా మరక మీదే చూపిస్తుంది, మనుషుల మీద కాదు. అలాంటి మనిషికి మనుషుల మీద కోపం తెప్పించారంటే, వాళ్లెంతటి ఘనులో చూడండి.

ఆ ఏడాది దేశాల మధ్య వన్డే టోర్నమెంటు జరిగింది. మన జట్టు ఆడే మ్యాచులన్నీ ఈ స్టేడియంలోనే. మొదటి మ్యాచి గెలవగానే జట్టు మేనేజరు బట్టల గదికి వచ్చాడు. కెప్టెన్ బనియనును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"పిన్నీ, టోర్నమెంటు అయ్యేదాకా దీన్ని మాత్రం ఉతక్కండి. ఇది వేసుకునే గెలిచాం."

"వాసనొస్తోంది కదండీ?"

"రానివ్వండి."

రానివ్వాలట! ఆమె ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. అతను గుమ్మం దాటగానే బనియనును తొట్టిలో ముంచింది. తన చేతి మీదుగా మురికి గుడ్డ బయటికి పోవడమంటే ఆమెకి తల కొట్టేసినట్టుంటుంది. కాకపోతే ఎవరూ కనిపెట్టకుండా వాసన లేని సబ్బు వాడింది. ఆరాక ఇస్త్రీ చెయ్యలేదు సరికదా, చేత్తో బాగా నలిపి సంచిలో కుక్కింది. ప్రతి మ్యాచి తర్వాతా అదే వరస. జట్టు గెలుస్తూ పోయింది. ఉతకని బనియను మహిమ గురించి కెప్టెన్ టీవీలో చెప్పుకుంటూ పోయాడు. అది తెల్లగా మెరిసిపోతోందన్న సంగతి ఆ మహానుభావుడి కంటికి ఆనితే కదా!

సెమీఫైనల్ రోజు పొద్దున్నే బట్టలు గుట్టలుగా పడ్డాయి. ఇస్త్రీపెట్టె వేడెక్కి ఉంది, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. చొక్కాల మధ్యలో బనియను కూడా బల్ల మీదికొచ్చింది, చక్కగా మడతపడి సంచిలోకి వెళ్లిపోయింది. అలవాటుపడ్డ చెయ్యి చేసిన పని అది. ఆమెకి తెలియనే లేదు.

కెప్టెన్ సంచి తెరిచాడు. ఇస్త్రీ అయిందంటే ఉతికినట్టే కదా, మొహం మాడ్చుకున్నాడు. మైదానంలోకి వెళ్లి మొదటి బంతినే గాల్లోకి లేపి దొరికిపోయాడు. మిగిలినవాళ్లు అతని వెనకే క్యూ కట్టారు. ఫీల్డింగులో చేతుల్లోకి వచ్చిన క్యాచులు నేలపాలు చేశారు. ఇంత నిర్వాకం వెలగబెట్టి, సాయంత్రానికల్లా ఓటమికి కారణం ఎవరని తేల్చారు? బట్టలుతికే మనిషని!

ఆ మాట గోడలు దాటి వీధికెక్కింది. కూరలమ్మే అతను ఆమెని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె భర్త తాళాలు బాగుచేస్తాడు, క్రికెట్ అంటే చెవి కోసుకుంటాడు. ఆ పూట కంచంలోంచి తలెత్తకుండా భోజనం చేశాడు.

"ఉతకొద్దంటే మానెయ్యలేకపోయావా? నీ సొమ్మేం పోయేది?" అని చివర్లో గొణిగాడు.

మర్నాడు మేనేజరు కబురుపెట్టాడు. ఉద్యోగం ఊడినట్టేనని ఆమె అనుకుంది. ఇల్లు గడిచేది చాలావరకు ఆ జీతంతోనే. అయినా తలెత్తుకునే నిలబడింది.

"వద్దన్నా ఎందుకు ఉతికారు?"

"మొదటి మ్యాచి నుంచీ ఉతుకుతూనే ఉన్నానండీ. మీరు గెలిచినప్పుడల్లా ఆయన ఒంటిమీదున్నది నేను ఉతికిన బనియనే. నలిపి పెట్టాను కాబట్టి మీకు తెలీలేదు. నిన్న పొరపాటున ఇస్త్రీ చేశాను, అంతే తేడా. బంతి గాల్లోకి లేపింది ఆయన, క్యాచులు వదిలింది వాళ్లు. మధ్యలో నన్నెందుకండీ ఆడిపోసుకుంటారు?"

మేనేజరు నోరు వెళ్లబెట్టాడు. ఇప్పుడైనా సిగ్గుపడతాడని ఆమె చూసింది. అతని మొహం వెలిగిపోయింది.

"అయితే ఉతకడం వల్ల కాదన్నమాట! ఇస్త్రీ వల్లే ఓడిపోయాం! మీరేం భయపడకండి పిన్నీ, పనిలోనే ఉండండి. ఉతకండి, ఇస్త్రీ మాత్రం వద్దు. కెప్టెన్‌కి నేను నచ్చజెప్తాను."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అనాల్సిన మాటలన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. జీతం గుర్తొచ్చి మింగేసింది. ఉద్యోగం పోయినా అంత బాధపడేది కాదేమో.

ఇంటికొచ్చి భర్తకి పూసగుచ్చినట్టు చెప్పింది. కట్టుకున్నవాడైనా తన వైపు ఒక్క మాట అంటాడని ఆశ. అతను గడ్డం గోక్కుంటూ సాంతం విన్నాడు.

"నిజమేనే" అన్నాడు. "ఆ ఇస్త్రీయే కొంప ముంచింది."

మేనేజరు దగ్గర మింగిన మాటలన్నీ అప్పుడు బయటికొచ్చాయి. పక్కింటివాళ్లు టీవీ గొంతు తగ్గించి మరీ విన్నారు.

"గెలిస్తే వాళ్ల ప్రతాపం, ఓడితే నా చేతి పాపమా? వాళ్లంటే పరాయివాళ్లు, నీకేమొచ్చింది? ఈ చేత్తో ఇన్నేళ్లు నీ బట్టలుతికాను చూడు, అదీ నేను చేసిన తప్పు!" అంటూ మూలనున్న అతని మాసిన బట్టలన్నీ తెచ్చి ఒళ్లో పడేసింది.

ఆ రోజునుంచి అతని బట్టలు అతనే ఉతుక్కుంటున్నాడు.